భూమి తిరుగుతోందన్న అరిస్టార్కస్‌ను గ్రీకులు కాదనడం మూర్ఖత్వమేనా?

వేగుచుక్క:
చాలాకాలంగా మనసులో నలుగుతున్న మాట. సూర్యుడు కదలడు, భూమే ఆయన చుట్టూ తిరుగుతోందని సామోస్ దీవివాడు అరిస్టార్కస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే చెప్పాడు. ఇదే మాట చెప్పిన కోపర్నికస్ పుస్తకం అచ్చయింది 1543లో. నడుమ దాదాపు 1800 ఏళ్ళు పోయాయి. విశ్వానికే పొయ్యిగడ్డ లాంటి భూమిని కదిలించాడని, ఈయన మీద దైవద్రోహం కేసు పెట్టాలని క్లియాంథిస్ అనే స్టోయిక్ తత్త్వవేత్త అన్నాడట. ఈ సంగతి గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. శిల్పంలో, నాటకంలో, తర్కంలో అంత ఎత్తుకు పోయినవాళ్ళు ఇక్కడ మాత్రం నమ్మకాన్ని పట్టుకుని నిజాన్ని వదిలేశారు. కాదనేవాళ్ళు కారణాలతో రండి.

ఫిజిక్స్ మాస్టారు:
ఈ తీర్పు అన్యాయమండీ. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టండి. ముందు ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి. వెనక గోడ మీద వేలు జరిగినట్టు కనిపిస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, సంక్రాంతికి ఒక చోటి నుంచి, ఆర్నెల్లకు చాలా దూరంగా ఇంకో చోటి నుంచి నక్షత్రాలను చూస్తున్నట్టే కదా. దగ్గరి నక్షత్రం కాస్తయినా జరగాలి. భూమి కదిలితే నక్షత్రాల తీరు మారాలి, మారడం లేదని అరిస్టార్కస్ పుట్టకముందే అరిస్టాటిల్ అన్నాడు. అది నమ్మకం కాదు, రుజువు అడగడం.

ఆ జరుగుడును మొదట నమ్మకంగా కొలిచింది జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్, 1838లో, హంస రాశిలోని ఒక నక్షత్రానికి. ఆర్నెల్లలో అది జరిగేది డిగ్రీలో సుమారు ఆరువేలో వంతు. రూపాయి బిళ్ళను ఏడెనిమిది కిలోమీటర్ల అవతల పెడితే ఎంత కనిపిస్తుందో అంత! ఉత్త కంటికి అందే హద్దు కన్నా ఇది దాదాపు నూరు రెట్లు చిన్నది. టెలిస్కోపు లేనివాళ్ళను దీనికి తప్పుపట్టడం ఏం న్యాయం?

వేగుచుక్క:
మాస్టారూ, ఆ అభ్యంతరానికి అరిస్టార్కస్ జవాబు ఇచ్చాడు. ఆయన ఈ సంగతి రాసిన పుస్తకం పోయింది. కానీ ఆర్కిమిడీస్ సిరాక్యూజ్ రాజు గెలాన్‌కు ఇసుక రేణువుల లెక్క రాసిస్తూ ఇది చెప్పాడు: నక్షత్రాలు ఎంత దూరమంటే, ఆ దూరం ముందు భూమి తిరిగే దారంతా ఒక చుక్క. నిజం అదే కదా! పైగా ఆయన గాలిలో మాటలు చెప్పే మనిషి కాదు. సరిగ్గా సగం చంద్రుడు కనిపించేటప్పుడు చంద్రుడికీ సూర్యుడికీ నడుమ కోణం 87 డిగ్రీలని తీసుకుని, చంద్రుడి కన్నా సూర్యుడు 18 నుంచి 20 రెట్లు దూరమని తేల్చాడు. అసలు దూరం 390 రెట్ల దాకా ఉంటుంది, కోణం 90కి పిసరంతే తక్కువ. కొలత తప్పింది గానీ జ్యామితి తప్పలేదు. సూర్యుడు భూమి కన్నా ఎంతో పెద్దవాడని తేల్చింది కూడా ఆయనే. అలాంటివాడి మాట కొట్టిపారేశారు.

పాతపొత్తం:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. ఇలాంటి గొడవే మన దగ్గరా నడిచింది. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని 499 ప్రాంతంలో ఆర్యభటుడు అన్నాడు (సూర్యుడి చుట్టూ అనలేదు, అది వేరు). పడవలో ముందుకు పోయేవాడికి కదలనివన్నీ వెనక్కి పోతున్నట్టు కనిపించడం ఆయన ఇచ్చిన ఉపమానం. అలాగైతే ఆకాశంలోకి ఎగిరిన పక్షి తిరిగి గూటికెలా చేరుతుందని వరాహమిహిరుడు అడ్డం తిరిగాడు. ఆయన్ని మూర్ఖుడందామా? యవనులు (అంటే గ్రీకులు) మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం తెలిసినవాళ్ళు కాబట్టి ఋషుల్లా పూజలందుకుంటున్నారని రాసిన మనసు ఆయనది. మనం రోజూ అనే ‘కేంద్రం’ కూడా గ్రీకు ‘కెంట్రాన్’ నుంచి సంస్కృతం మీదుగా వచ్చిన మాటే.

ఫిజిక్స్ మాస్టారు:
పాతపొత్తం గారూ, భూమి కదలదన్న గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ వాదమూ సరిగ్గా ఇదే. నక్షత్రాల వరకే చూస్తే భూమి తన చుట్టూ తాను తిరుగుతుందన్నా లెక్క కుదురుతుందని, అది తేలిక కూడా అని ఒప్పుకున్నాడు. అయితే అంత వేగానికి మేఘాలూ విసిరిన వస్తువులూ పడమరకు వెనకబడాలి కదా అన్నాడు. ఇందులో దేవుడెక్కడ? క్లియాంథిస్ మాటంటారా, ప్లూటార్క్ సంభాషణలో ఒకాయన సరదాగా గుర్తుచేసిన మాట అది. అరిస్టార్కస్ మీద విచారణ జరిగిన దాఖలా లేదు. ఇక ఆ ‘చుక్క’ జవాబు నిజమే అయినా, ఆనాడు పరీక్షకు నిలబెట్టగలిగిన జవాబు కాదు.

వేగుచుక్క:
నక్షత్రాల విషయం ఒప్పుకుంటున్నాను మాస్టారూ. ‘మూర్ఖత్వం’ అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. మేఘాల దగ్గర మాత్రం ఒప్పుకోను. 1640లో గసెండీ అనే ఫ్రెంచి తత్త్వవేత్త ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో, వేగంగా పోతున్న ఓడ స్తంభం మీది నుంచి రాయి వదిలించాడు. రాయి వెనకబడలేదు, స్తంభం మొదట్లోనే పడింది. దానికి టెలిస్కోపు అక్కర్లేదు, ఓడా రాయీ చాలు. సముద్రం మీదే బతికిన గ్రీకుల దగ్గర రెండూ ఉన్నాయి. టాలెమీ ఉన్న అలెగ్జాండ్రియా అయితే ఆనాటి మహా రేవు. దీనికి మీరేమంటారో చెప్పండి.