బాస్కెట్‌బాల్‌కి బరువులా, బీచ్‌లో పరుగా?

గార్డ్_విశాఖ: అన్నలూ, నాకు 20 ఏళ్లు, 178 సెం.మీ., 68 కిలోలు. పాయింట్ గార్డ్‌ని, అంటే బంతి తీసుకెళ్లి ఆట నడిపేవాణ్ని. టోర్నమెంటుకి ఇంకా పది వారాలుంది. జిమ్ జోలికెళ్తే ఒళ్లు బిగిసి షాట్ పోతుంది, పొద్దున్నే ఆర్కే బీచ్‌లో పరుగెత్తి స్ట్రెచింగ్ చేసుకోమంటారు కోచ్ గారు. స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీలు) బరువు పెంచితేనే జంప్ వస్తుందంటాడు జిమ్ ట్రైనర్. నాలుగు క్వార్టర్ల మ్యాచ్‌లో మూడో క్వార్టర్‌కే కాళ్లు లేవట్లేదు. రోజూ సాయంత్రం 5 నుంచి 7 ప్రాక్టీసు. ఏది మానేయాలి?

బాక్సవుట్: ఏదీ మానక్కర్లేదు తమ్ముడూ, రెండూ ఒకేసారి నెత్తినేసుకోకు. ఒళ్లు బిగిసేది బరువుల వల్ల కాదు, సగం సగం దిగి చేసే రెప్స్ (ఒక్కోసారి దిగి లేవడం ఒక రెప్) వల్ల. తొడ నేలకి సమాంతరంగా వచ్చేదాకా దిగి చేసే స్క్వాట్ తుంటిని వదులు చేస్తుంది కూడా. షాట్ పోవడానికి వేరే కారణం ఉంది: ముందురోజు బెంచ్ ప్రెస్ (పడుకుని బరువు పైకి నెట్టడం), ట్రైసెప్స్ (చేతి వెనక కండ) వ్యాయామాలు చేతులెత్తలేనంతగా చేసేసి కోర్టుకి రావడం. ఆ నొప్పి రెండు రోజులైనా వదలదు.

వారానికి రెండు రోజులే, సోమ, గురువారాలు పొద్దున. స్క్వాట్ 4 సెట్లు, ఒక్కోదానికి 5 రెప్స్. ఇంకో రెండు లేపగలను అనిపించినప్పుడే ఆపెయ్. సెట్ల మధ్య మూడు నిమిషాలు కూర్చో, ఫోన్ చూసుకున్నా పర్లేదు. తర్వాత రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (నడుము దగ్గర వంగి బరువు పైకి లేపడం) 3 సెట్లు ఆరేసి, పుల్-అప్స్, చివర్లో నార్డిక్ కర్ల్స్ (మోకాళ్ల మీద నిలబడి, మడమలు పట్టించుకుని మెల్లగా ముందుకు వాలడం) 2 సెట్లు నాలుగేసి. అంతే. నీ బరువుకి ఒకటిన్నర రెట్లు, అంటే 100 కిలోల దరిదాపుల్లో శుభ్రంగా స్క్వాట్ చేయగలిగితే గార్డ్‌కి చాలు. ఆ పైన పెంచే ప్రతి కిలోకీ లాభం తగ్గుతూ వస్తుంది. టోర్నమెంటు వారం ఒక్కరోజే, 2 సెట్లు మూడేసి. ఎత్తే బరువు తగ్గించకు, సెట్లు తగ్గించు.

ఫాస్ట్‌బ్రేక్: మూడో క్వార్టర్ సంగతి నేను చెప్తా. గంటసేపు ఒకే వేగంతో పరుగెత్తడం దానికి మందు కాదు. ఆటంతా ఐదారు సెకన్ల స్ప్రింట్, ఆగడం, మళ్లీ స్ప్రింట్. లైన్ డ్రిల్ చెయ్: బేస్‌లైన్ (బాస్కెట్ వెనక చివరి గీత) నుంచి దగ్గర ఫ్రీత్రో లైను (ఫ్రీత్రో వేసే గీత), సగం కోర్టు, అవతలి ఫ్రీత్రో లైను, అవతలి బేస్‌లైన్, ప్రతిసారీ వెనక్కి. 28 మీటర్ల కోర్టులో మొత్తం 140 మీటర్లు. 32 సెకన్ల లోపు పూర్తి చేసి 90 సెకన్లు విశ్రాంతి. అలా ఆరు, వారానికి రెండుసార్లు, ప్రాక్టీసు చివర్లో, బరువులెత్తని రోజున. చివరిది మొదటిదానికంటే మూడు సెకన్లు మించి ఆలస్యమైతే ఆ రోజుకి చాలించు.

బీచ్‌లో తడి ఇసుక సముద్రం వైపు వాలుంటుంది. ఒకే దిక్కుకి పరుగెత్తితే ఎప్పుడూ ఒక కాలే కిందుగా పడి, మోకాలి బయటి పక్క పట్టేస్తుంది. పొడి ఇసుకలో పిక్కకీ, మడమ వెనక స్నాయువుకీ పని ఎక్కువ. పావుగంట చాలు, అదీ వెళ్లినంత దూరం వెనక్కి. ఇంకోటి, వైజాగ్ ఉక్కకి చెమట ఆరదు. నీళ్లొక్కటే తాగితే చాలదు, ఉప్పేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో దగ్గరుంచుకో.

గార్డ్_విశాఖ: థాంక్సన్నా. మరి స్ట్రెచింగ్? స్క్వాట్‌లో మడమలు లేస్తున్నాయి.

బాక్సవుట్: అది చీలమండ బిగువు. బొటనవేలు గోడకి 10 సెం.మీ. దూరంలో పెట్టి, మడమ లేపకుండా మోకాలు గోడకి తాకించి చూడు. తాకకపోతే రోజూ అదే భంగిమలో ముందుకీ వెనక్కీ 15 సార్లు, 3 సెట్లు, రెండు కాళ్లకీ. అది దారికొచ్చేదాకా మడమల కింద 2.5 కిలోల ప్లేట్లు పెట్టి స్క్వాట్ చెయ్.

ఫాస్ట్‌బ్రేక్: ఆటకి ముందు మాత్రం నిమిషాల తరబడి సాగదీసి పట్టుకోకు, ఎగిరే బలం కాసేపు తగ్గుతుంది. లంజెస్ (ఒక కాలు ముందుకేసి దిగడం), కాళ్లు ఊపడం, హై నీస్ (మోకాళ్లు పైకెత్తుతూ పరుగు) పది నిమిషాలు చాలు. పట్టి ఉంచే స్ట్రెచింగ్ ఇంటికెళ్లాక చేసుకో. సిమెంటు కోర్టులో ఆడేవాడివైతే బాక్స్ జంప్స్ (పెట్టె మీదికి ఎగరడం) మరీ ఎక్కువ చేయకు, మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవ్వొచ్చు.