కౌలు: ఇచ్చిన మాటా, ఇచ్చిన పొలమా?

అనువాదకురాలు:
చిన్న వ్యాపారుల కోసం ఒక కరపత్రం తెలుగు చేయాలి. వెబ్‌సైట్‌ను లీజుకు తీసుకోవడం మేలా, సొంతంగా కట్టించుకోవడం మేలా అన్నది విషయం. దాంతోపాటు మధ్యయుగపు ఇంగ్లండు, ఫ్రాన్సుల్లో నైట్ల (ప్రభువు కోసం గుర్రం మీద పోరాడే వీరుల) నడవడి ఎలా మారిందో చెప్పే పాఠం ఒకటి ఉంది. అందులో ప్రభువు నైటుకు షరతు మీద భూమి ఇస్తాడు. ఈ రెండు చోట్లా 'కౌలు' అని రాయవచ్చా? నైటుకు 'భటుడు' అన్న మాట కూడా మింగుడుపడటం లేదు. పెద్దలు చెప్పండి.

దస్తావేజు లేఖరి:
మాట పుట్టుక చూద్దామమ్మా. అరబీలో 'ఖౌల్' అంటే మాట, పలుకు. పారసీ దఫ్తరాల మీదుగా మనకు కౌలు అయింది. ఖవ్వాలీదీ అదే ధాతువు. ఇచ్చిన మాటను కాగితం మీద పెడితే కౌలునామా. ఒకప్పుడు అది పొలానికే పరిమితం కాదు. లొంగిపోయినవాడికి ప్రాణభయం లేదని రాసిచ్చే అభయపత్రం కూడా కౌలే. పొలం మీద స్థిరపడ్డాక తక్కిన అర్థాలు రాలిపోయాయి. ఇవాళ కౌలు అనగానే ఎకరాకు ఇన్ని బస్తాలనే లెక్క గుర్తొస్తుంది. 'వెబ్‌సైట్ కౌలు' అంటే షాపు ఓనరు నవ్వుతాడు.

చట్టం ప్రకారం కూడా అది లీజు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 105వ సెక్షన్‌లో లీజు అంటే స్థిరాస్తి అనుభవించే హక్కు. వెబ్‌సైట్ స్థిరాస్తి కాదు కదా. కాగితం నెత్తిన 'లీజు' అని ఉన్నా లోపల ఉండేది వాడుకునే లైసెన్సు, దానికి తోడు సేవల ఒప్పందం. ఇంటి అద్దె ఫారం దగ్గర పెట్టుకుని 11 నెలలని వేయాల్సిన పనీ లేదు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయించాలన్న నిబంధన స్థిరాస్తిదే.

సీమ సభ్యురాలు:
అయితే 'అద్దె' అనండి. మా వైపు ఇంటికైనా బండికైనా బాడుగ అంటాం, తెలంగాణలో కిరాయి అంటారు. కరపత్రం మూడు చోట్లా పంచుతారు కాబట్టి అద్దె అందరికీ తెలుస్తుంది. 'గుత్త' మాత్రం వద్దు. మొత్తం ఒకేసారి మాట్లాడుకుని అప్పగించడం గుత్త, పైగా 'గుత్తాధిపత్యం' వల్ల దానికి వేరే వాసన పట్టింది.

వెబ్‌సైట్లు కట్టే సభ్యుడు:
అద్దె బాగుంది. ఇబ్బంది 'సొంతం' అన్న మాటతోనే. వెబ్‌సైట్ ఒక వస్తువు కాదు, నాలుగైదు వస్తువుల మూట. డొమైన్ పేరు (సైట్ చిరునామా), హోస్టింగ్ (సైట్‌ను నెట్‌లో ఉంచే సర్వర్ చోటు), కోడ్ (రూపాన్నిచ్చే థీమ్, అదనపు పనులు చేసే ప్లగిన్లు కలిపి), డేటాబేస్ (సైట్ సమాచారం దాచే చోటు), రాతలూ ఫోటోలూ. ఒక్కోదాని హక్కు ఒక్కో చోట ఉంటుంది. కరపత్రంలో వీటిని విడివిడిగా రాయకపోతే చదివినవాళ్లు మోసపోతారు.

డొమైన్ ఎవరికీ సొంతం కాదు. .కామ్ లాంటివి ఒకసారికి గరిష్ఠంగా 10 ఏళ్లకు నమోదు చేసుకోగలం, అంతే. అక్కడ 'యజమాని' కాకుండా 'నమోదుదారు' అని రాయండి. ఆ నమోదు వ్యాపారి పేరున, వ్యాపారి ఈమెయిల్‌తో ఉండాలి. ఏజెన్సీ పేరున ఉంటే, అద్దె ఆపిన రోజున సైట్‌తోపాటు పేరూ పోతుంది. బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, విజిటింగ్ కార్డు మీద అచ్చేసిన పేరు. ఆ డొమైన్ మీదే మెయిల్ నడుస్తుంటే ఆర్డర్లు కూడా ఆగుతాయి. .కామ్ గడువు దాటితే రిజిస్ట్రార్‌ను (పేరు నమోదు చేసే కంపెనీని) బట్టి 45 రోజుల వరకు మామూలు రుసుముతో తిరిగి కట్టే వీలుంటుంది. ఆపైన 30 రోజులు భారీ రుసుము. ఆ తర్వాత 5 రోజులకు పేరు బజార్లో పడుతుంది, ఎవరు ముందు అడిగితే వాళ్లది.

కోడ్ సంగతి లేఖరిగారు చెబితే బాగుంటుంది.

దస్తావేజు లేఖరి:
1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాసినవాడే తొలి హక్కుదారు. జీతం మీద పనిచేసే ఉద్యోగి రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు యజమానిది. బయటి డెవలపర్‌కు పూర్తి సొమ్ము చెల్లించినంత మాత్రాన కోడ్ మీద హక్కు మారదు. సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేయాలి, అది 19వ సెక్షన్. అసలు మెలిక ఇక్కడుంది. ఆ బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంటే 'సొంతం' అనుకుని డబ్బు కట్టినవాడి చేతిలో నిజానికి ఉన్నది ఐదేళ్ల కౌలు. 'కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా' అన్న ఆ నాలుగు మాటలూ రాయించుకోవాలి.

వెబ్‌సైట్లు కట్టే సభ్యుడు:
దానికి తోడు లెక్క కూడా వేయండి, మాట అప్పుడే అర్థమవుతుంది. ఊహకు నెలకు 2,500 రూపాయల అద్దె అనుకుందాం, మూడేళ్లకు 90,000. కట్టించుకోవడానికి 45,000, డొమైన్‌కూ హోస్టింగ్‌కూ మరమ్మతులకూ ఏటా 12,000 అనుకుంటే మూడేళ్లకు 81,000. తేడా చిన్నదే. నాలుగో ఏడు మాత్రం అద్దెకు మరో 30,000, సొంతానికి 12,000. ఆరు నెలలకు మూసేసే పండుగ సీజను వ్యాపారానికి అద్దే నయం, 15,000తో పోతుంది.

చివర్లో చేతికి ఏం వస్తుందన్నది మరిచిపోవద్దు. వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద కట్టిన సైట్ అయితే ఫైళ్లూ డేటాబేస్ కాపీ తీసుకుని వేరే హోస్ట్ మీద నిలబెట్టుకోవచ్చు. నెలనెలా డబ్బు కట్టి వాడే సైట్ బిల్డర్లలో చాలావాటి నుంచి రాతలూ ఫోటోలూ బయటకొస్తాయి గానీ సైట్ రాదు, మళ్లీ కట్టుకోవాలి. కట్టేటప్పుడు పాత పేజీల చిరునామాలను కొత్తవాటికి 301 రీడైరెక్ట్‌తో (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటుతో) కలపకపోతే గూగుల్‌లో సంపాదించిన స్థానం జారిపోతుంది. పాత డొమైన్ మన చేతిలో లేకపోతే ఆ రీడైరెక్ట్ పెట్టడమే కుదరదు. అందుకే మొదట డొమైన్ అన్నాను.

చరిత్ర మేష్టారు:
'డొమైన్ ఎవరికీ సొంతం కాదు, పట్టుకుని ఉంటారు' అన్నారు చూశారా, నైటు భూమి సంగతీ సరిగ్గా అదే. నార్మన్ రాజులు ఏలిన ఇంగ్లండులో భూమి అంతా చివరికి రాజుది, తక్కినవాళ్లు ఒకరి కింద ఒకరు పట్టుకుని ఉండేవాళ్లు. అయినా దానికి కౌలు కుదరదమ్మా. కౌలుదారు ఇచ్చేది పంటో డబ్బో. నైటు ఇచ్చేది సేవ, సాధారణంగా ఏడాదికి 40 రోజులు, తన గుర్రంతో, తన ఆయుధాలతో. దానికి మనదైన మాట ఉంది: నాయంకరం. కాకతీయుల, విజయనగరపు కాలాల్లో సైన్యం పోషించే షరతు మీద నాయకుడికి ఇచ్చిన సీమ. రెండూ అచ్చంగా ఒకటి కావు, పాఠంలో ఒక వాక్యం వివరణ పెట్టాలి, కానీ చదివేవాడి బుర్ర సరైన దిక్కుకు తిరుగుతుంది.

నడవడి మారిందనడానికి ఇదే మొదటి గుర్తు. మోకాళ్ల మీద కూర్చుని, చేతులు జోడించి ప్రభువు చేతుల మధ్య పెట్టి ఇచ్చిన మాట మెల్లగా రొక్కం అయింది. యుద్ధానికి రాలేనివాడు 'స్క్యూటేజ్' కట్టేవాడు, అంటే డాలు సొమ్ము. 1159లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ఫ్రాన్సులోని తులూజ్ మీది దండయాత్రకు ఒక్కో నైటు భూమికి 2 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) వసూలు చేశాడు. తండ్రి తర్వాత కొడుకు ఆ భూమి చేపట్టాలంటే కట్టే రుసుము 100 షిల్లింగులు దాటకూడదని 1215లో రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రం రాసింది. నైటు సేవ మీద భూమి పట్టే పద్ధతి 1660లో చట్టం ద్వారా రద్దయింది. ఆ రొక్కం దశకు కావాలంటే కౌలు వాడుకోండి, అభ్యంతరం లేదు.

ఇక కౌలు పాత అర్థం, లేఖరిగారు చెప్పిన అభయం, నైట్ల దగ్గర మరోచోట పలుకుతుంది. పట్టుబడిన నైటును చంపకుండా, విడుదల సొమ్ము తెచ్చిస్తానన్న మాట మీద వదిలేవారు. ఫ్రెంచిలో మాటను 'పెరోల్' అంటారు, మన జైళ్ల పెరోల్ అదే. అరబ్బులకూ ఫ్రెంచివాళ్లకూ 'మాటే' ఒప్పందానికి పేరైంది. ఫ్రాన్సు రాజు రెండో జాన్ 1356లో పొయితియే దగ్గర ఇంగ్లీషువాళ్లకు చిక్కాడు. 1360 ఒడంబడికలో విడుదల వెల 30 లక్షల ఎక్యూలు, అంటే ఫ్రెంచి బంగారు నాణేలు. సొమ్ము పూర్తిగా ముట్టకముందే, హామీగా ఉంచిన కొడుకు పారిపోయాడు. మాట నిలబెట్టుకోవడానికి జాన్ 1364లో తనంతట తాను లండను తిరిగి వెళ్లి అక్కడే చనిపోయాడు.

అందరూ అలా ఉన్నారనుకోవద్దు. 1302లో కోర్‌త్రే దగ్గర ఫ్లాండర్స్ కాల్బలం ఫ్రెంచి నైట్లను సొమ్ముకు పట్టుకోకుండా నరికేసి, వాళ్ల బంగారు పూత ఆరెలు (గుర్రాన్ని అదిలించడానికి మడమలకు కట్టుకునే ముళ్లు) ఏరి చర్చిలో వేలాడదీసింది. 1415 అజింకూర్ యుద్ధంలో ఇంగ్లండు రాజు ఐదో హెన్రీ స్వయంగా ఖైదీలను చంపించాడు. మర్యాద అనేది ఎప్పుడూ సాటి నైటుకే, కాల్బంటుకు విడుదల సొమ్ము ఎవరిస్తారు?

అనువాదకురాలు:
మేష్టారూ, 'కాల్బంటు' అనేశారు. మరి నైటే బంటు అవుతాడా?

చరిత్ర మేష్టారు:
పుట్టుకను బట్టి అవుతాడు! పాత ఇంగ్లీషులో 'క్నిహ్ట్' అంటే కుర్రాడు, పనివాడు. జర్మనులో దాని తోబుట్టువు 'క్నెష్ట్' ఇప్పటికీ సేవకుడే. మన బంటు కూడా సేవకుడూ వీరుడూ, రామబంటు అంటే ఇంక చెప్పాలా. కాకతీయ శాసనాల్లో బంటు, లెంక (ప్రభువును నమ్ముకున్న సేవకుడు) అన్నవి గౌరవంగా చెప్పుకున్న బిరుదులే. మన దగ్గర మాట కిందికి దిగింది. ఆయుధం పట్టిన బంట్రౌతు ఆఫీసు ముందు బల్ల మీద కూర్చునే బంట్రోతు అయ్యాడు. వాళ్ల మాట పైకెక్కింది. ఫ్రెంచి 'షెవాలియే' అంటే గుర్రం మీదివాడు, దానికి మన 'రౌతు' అతికినట్టు సరిపోతుంది. నా ఓటు రౌతుకే, మొదటిసారి 'నైటు, అంటే రౌతు' అని రాసి.

సీమ సభ్యురాలు:
బంటు అసలు పెట్టకండి మేడం. పాఠం చదివేది బడిపిల్లలు. చదరంగంలో ఇంగ్లీషు నైటు మనకు గుర్రం, బంటేమో ముందు వరసలో ఒక్కో గడి నడిచేవాడు.