గోల్ఫ్ ట్రైనింగ్ ఎయిడ్లు కొంటే స్వింగ్ బాగుపడుతుందా? వాడినవాళ్లు చెప్పండి

ఎర్రనేల_గోల్ఫర్ (అనంతపురం)
బెంగళూరులో ఉద్యోగం చేసినన్నాళ్లూ గోల్ఫ్ అలవాటైంది. ఇప్పుడు ఇల్లు అనంతపురంలో. బంతి కొట్టాలంటే హైవే ఎక్కి బెంగళూరు పోవాల్సిందే, అది నెలకోసారి కుదిరితే గొప్ప. మిగతా రోజులు మిద్దె మీద ఉత్త ఊపుడే. డ్రైవర్ (దూరం కొట్టే పొడుగు కర్ర) తీస్తే చాలు, బంతి కుడివైపుకు వంకర తిరిగి పోతుంది, దాన్నే స్లైస్ అంటారు. ఫోన్ తెరిస్తే అన్నీ ట్రైనింగ్ ఎయిడ్ల ప్రకటనలే: వంగే కర్ర, మణికట్టుకు కట్టే పట్టీ, లేజర్ లైటు. వేలకు వేలు. వీటిల్లో నిజంగా పనికొచ్చేవి ఉన్నాయా? కోచ్ దగ్గరికి పో అని మాత్రం అనకండి, ఆయన కూడా బెంగళూరులోనే ఉన్నాడు.

పెనుకొండ_ఐరన్
అన్నా, బంతి ఎక్కడ మొదలై ఎటు తిరుగుతోందో ముందు అది చెప్పు. "కుడివైపుకు పోతుంది" అంటే చాలదు. బంతి బయల్దేరే దిక్కు ఎక్కువగా క్లబ్ ఫేస్ (గోల్ఫ్ కర్ర చివర బంతికి తగిలే ముఖం) ఎటు చూస్తోందో దాన్ని బట్టి ఉంటుంది. ఆ తర్వాత తిరిగే వంకర, ఫేస్‌కూ స్వింగ్ పోయే దారికీ మధ్య ఉన్న తేడా వల్ల వస్తుంది. ఎడమవైపు బయల్దేరి కుడికి తిరిగితే నీ స్వింగ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తున్నట్టు. మొదటే కుడికి బయల్దేరి ఇంకా కుడికి పోతే ఫేస్ తెరుచుకుని ఉన్నట్టు. మొదటి దానికి ఒక సామాను, రెండో దానికి వేరే సామాను. ఇది తేలకుండా కొన్నది ఏదైనా డబ్బు దండగే.

ఎర్రనేల_గోల్ఫర్
ఎడమవైపు బయల్దేరి కుడికి తిరుగుతుంది. కాలేజీ రోజుల నుంచి క్రికెట్ ఆడిన చేతులు.

పెనుకొండ_ఐరన్
అయితే ఖాళీ చెప్పుల డబ్బా చాలు. బంతికి అవతలి పక్కన, ఒక జానెడు వెనకగా పెట్టు. బయటి నుంచి కోసుకుంటూ వస్తే క్లబ్ ముందు డబ్బాకే తగులుతుంది. డబ్బా కదలకుండా బంతి తగిలిందంటే దారి మారినట్టే. మొదట 7 ఐరన్‌తో (మధ్యరకం దూరానికి వాడే క్లబ్) సగం స్వింగే చెయ్యి. కోచ్‌లు దీన్నే హెడ్ కవర్ (క్లబ్ తలకు వేసే తొడుగు) పెట్టి చేయిస్తారు.

కర్నూలు_బోగీ
నేను కొన్నవన్నీ మంచం కింద ఉన్నాయి. మా ఆవిడ దుమ్ము దులిపిన ప్రతిసారీ ఒక్కోదాని రేటు అడుగుతుంది.

సుద్దముక్క
మా ఆఫీసులో కొరియా సార్లకు గోల్ఫ్ పిచ్చి, వాళ్లను చూసే నేనూ మొదలుపెట్టాను. వాళ్లలో బాగా ఆడే ఒకాయన బ్యాగులో ఖరీదైన సామానేమీ లేదు, ఒక పౌడర్ డబ్బా తప్ప. క్లబ్ ఫేస్ మీద పలచగా పౌడర్ చల్లి కొడితే బంతి ఎక్కడ తగిలిందో గుండ్రంగా అచ్చు పడుతుంది. సుద్దముక్క రుద్దినా అంతే. నాది ఎప్పుడూ క్లబ్ మడమ వైపే, అంటే కడ్డీకి దగ్గరి అంచుకే తగిలేది, అది తెలిసే దాకా నా చేతులదే తప్పు అనుకున్నాను. నిలబడేది బంతికి మరీ దగ్గరగా, అంతే సంగతి.

బంతీ క్లబ్బూ ఒకదాన్నొకటి అంటుకుని ఉండేది సెకనులో దాదాపు రెండువేలవ వంతే. అక్కడ ఏం జరిగిందో చేతికి తెలిసే అవకాశమే లేదు. అందుకే నా దృష్టిలో మంచి ఎయిడ్ అంటే కొట్టిన వెంటనే నిజం చెప్పేది. మణికట్టు పట్టీ బీప్ కొడుతుంది సరే, ఆ బీప్ విని ఏం మార్చుకోవాలో అది చెప్పదు.

తాడిపత్రి_టెంపో
మేడం, అన్నీ కొట్టిపారేయకండి. ఆ వంగే కర్ర నాకు బాగా పనికొచ్చింది. చివర బరువు, మధ్యలో వంగే కడ్డీ. తొందరపడి కిందికి లాగితే వెంటనే చేతికి తెలుస్తుంది, నిదానంగా తిప్పితేనే బరువు వెనకే వస్తుంది. రోజూ పొద్దున ఎండ ఎక్కకముందు కాసేపు ఊపుతాను. స్లైస్ పోయిందని అనను, కానీ తొందర తగ్గింది. నడుము పట్టేయడం కూడా తగ్గింది, అది ఉచితం.

పెనుకొండ_ఐరన్
టెంపోకి, అంటే ఊపు లయకి, సరే. వేగం పెరుగుతుందని మాత్రం కొనకండి. బేస్‌బాల్‌లో బ్యాట్‌కి బరువు రింగ్ తగిలించి ఊపాక పరీక్షించి చూశారు. తర్వాత మామూలు బ్యాట్ తేలిగ్గా అనిపిస్తుంది, వేగం మాత్రం పెరగదు. వేగం కోసం అమ్మే మూడు కర్రల సెట్లో తేలిక కర్రలూ ఉండేది అందుకే.

ఇంకోటి, రౌండ్ మధ్యలో వీటిని ముట్టుకోకూడదు. 2010లో ఎల్‌పీజీఏ (ఆడవాళ్ల ప్రొఫెషనల్ గోల్ఫ్) టోర్నీలో అమెరికా ప్లేయర్ జూలీ ఇంక్‌స్టర్ పదో టీ (పదో హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చి, బరువు రింగ్ తగిలించి నాలుగు ఊపులు ఊపింది. డిస్‌క్వాలిఫై చేశారు. ఇప్పటి రూల్స్‌లో స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కేసే ఆట) మొదటిసారికి రెండు స్ట్రోకుల పెనాల్టీ, మళ్లీ చేస్తే ఇంటికే.

కదిరి_లెఫ్టీ
ఎడమచేతి వాళ్లం అసలు లెక్కలో ఉన్నామా? వేళ్లు ఎక్కడ పెట్టాలో అచ్చు పోసిన గ్రిప్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కుడిచేతిది వచ్చింది. వాపసు తీసుకోమంటే "ప్యాకెట్ విప్పారు కదా సార్" అన్నారు. విప్పకుండా ఎలా తెలుస్తుందప్పా!

మిద్దె_నెట్
మిద్దె మీద కొట్టేవాళ్లు ఒక మాట వినండి, నేను ఎయిడ్ల కంటే దీనికే ఎక్కువ ఖర్చు పెట్టాను. స్పోర్ట్స్ షాపులో క్రికెట్ నెట్ తెచ్చి కట్టొద్దు. గోల్ఫ్ బంతి అడ్డం 42.67 మిల్లీమీటర్లే, క్రికెట్ నెట్ కన్ను మామూలుగా అంతకంటే పెద్దదే. బంతి తగిలినట్టే ఉంటుంది, చూస్తే పక్కింటి నీళ్ల ట్యాంకు దగ్గర ఉంటుంది. 25 మిల్లీమీటర్ల కన్నో, అంతకంటే చిన్నదో తీసుకోండి. బిగించి కట్టొద్దు, వదులుగా వేలాడాలి. బిగిస్తే బంతి అంతే వేగంగా మీదికే వస్తుంది. నెట్ వెనక పాత దుప్పటి ఒకటి వేలాడదీయండి.

నెట్‌లో ఒక లోపం ఉంది: బంతి ఎటు తిరిగిందో కనిపించదు. అందుకని కొందరు స్పాంజ్ బంతులు తెచ్చుకుని, వేరుశనక్కాయ పీకేసిన చేలో కొడుతుంటారు. మంచి ఆలోచనే, గాలి లేనప్పుడు. మన జిల్లా గాలి సంగతి తెలిసిందే కదా, గాలిమరలు ఊరికే పెట్టారా. ఆ గాలికి స్పాంజ్ బంతి ఎటు పోయినా అది నీ స్లైస్ కాదు, నీ హుక్కూ (ఎడమకు తిరిగేది) కాదు. పొద్దున్నే కొట్టండి, లేదంటే దాన్ని నమ్మకండి.

సుద్దముక్క
నెట్‌లో కొట్టేటప్పుడు ఫోన్ వీడియో వాడొచ్చు. స్లో మోషన్ 240 ఫ్రేములు పెట్టి, స్టూల్ మీద చేతుల ఎత్తులో, మీ వెనక నుంచి టార్గెట్ వైపు చూసేలా. ప్రతిసారీ అదే చోట ఉండాలి. ఒక అడుగు పక్కకు జరిగినా స్వింగ్ దారి వేరేగా కనిపిస్తుంది, లేని తప్పు వెతుక్కుంటాం.

కర్నూలు_బోగీ
సరదాకి అన్నాను గానీ మంచం కింద పడనిది ఒకటుంది, పటింగ్ (హోల్ దగ్గర బంతిని నేల మీద దొర్లించి కొట్టడం) కార్పెట్. అందరూ డ్రైవర్ గురించే మాట్లాడుతున్నారు. పార్ 72 కోర్సులో (18 హోల్స్‌కీ కలిపి 72 దెబ్బల లెక్క) ప్రతి హోల్‌కీ రెండు పట్‌లు లెక్క వేస్తే 36, అంటే సగం ఆట అక్కడే. టైగర్ వుడ్స్ రెండు టీలు (బంతి పెట్టే చిన్న పుల్లలు) గుచ్చి వాటి మధ్య నుంచి పటర్ పోనిచ్చేవాడు, దానికి ఖర్చెంత? మన పక్క బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అక్కడ ఆమె కంటే ఎంతో దూరం కొట్టేవాళ్లు బోలెడు మంది. ఆమెను నిలబెట్టింది పటరే.

తాడిపత్రి_టెంపో
పటింగ్ మాట నిజమే సార్, కానీ ఆయన అడిగింది స్లైస్ గురించి.

కర్నూలు_బోగీ
స్లైస్ పోకపోయినా స్కోరు తగ్గుతుందని చెప్తున్నాను నాయనా.

ఎర్రనేల_గోల్ఫర్
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం చెప్పుల డబ్బా పెట్టి చూశాను, మొదటి ఊపుకే ఎగిరి మెట్ల మీద పడింది. పెనుకొండ అన్న చెప్పిందే కరెక్ట్, దారే తప్పు. లేజరూ పట్టీ వద్దు. నెట్ మార్చాలి, నాది కూడా క్రికెట్ నెట్టే. ఇంపాక్ట్ బ్యాగ్ (క్లబ్‌తో కొట్టి ప్రాక్టీసు చేసే సంచి) ఒకటి కొనాలనుంది, ఎవరైనా వాడారా?

మిద్దె_నెట్
కొనడమెందుకు, గోనె సంచిలో పాత బట్టలు గట్టిగా కూరి మూతి కుట్టెయ్. సగం వేగంతో కొట్టి, తగిలిన చోటే ఆగి చూసుకో: చేతులు క్లబ్ తల కంటే ముందు ఉండాలి. ఇసుక మాత్రం నింపొద్దు, మణికట్టు పోతుంది.

కదిరి_లెఫ్టీ
గోనె సంచికి కుడి ఎడమ లేదు. నేనూ కుట్టిస్తున్నా.