5 యాక్సిస్‌లో అతుకు మెట్టు: స్కేళ్లు పెట్టించాలా, సెంటర్ సరిచేయాలా?

బాలానగర్ సెట్టర్:
మాది ట్రనియన్ టేబుల్ (చెక్కే ముక్కని, అంటే జాబ్‌ని, వంచి తిప్పే ఊయల లాంటి టేబుల్) ఉన్న 5 యాక్సిస్ మిల్లింగ్ మెషీన్, పాతది. యాక్సిస్ ఎక్కడుందో నేరుగా చదివే గ్లాస్ స్కేళ్లు లేవు, మోటార్ ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్లే దాని వెనక ఉన్నాయి. అల్యూమినియం జాబ్‌కి ఒకే ముఖాన్ని సగం సి 0లో (టేబుల్ తిప్పకుండా), సగం సి 180లో (టేబుల్‌ని అరచుట్టు తిప్పి) ఫినిష్ చేస్తే కలిసే చోట గోరుకి తగిలేంత మెట్టు వస్తోంది. డయల్ గేజ్ పెడితే 24 మైక్రాన్లు. ఓనరు గారు స్కేళ్లకి కొటేషన్ తెప్పించారు. నాకు మాత్రం దండగనిపిస్తోంది. ఏమంటారు?

క్యామ్ కుర్రోడు:
అన్నా, క్యామ్‌లో (ప్రోగ్రాం తయారుచేసే సాఫ్ట్‌వేర్) టాలరెన్స్, అంటే టూల్ దారిలో ఒప్పుకునే తేడా, 0.01 ఉంటే 0.002కి దించి చూడు.

టూల్‌రూం తాత:
దించితే బ్లాకులు (ప్రోగ్రాం లైన్లు) పెరిగిపోతాయి నాయనా. పాత కంట్రోలర్ అంత వేగంగా చదవలేక ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం) తడబడుతుంది, ఫినిష్ ఇంకా పాడవుతుంది. అయినా టాలరెన్స్ తప్పైతే ముఖమంతా పలకలు పలకలుగా కనబడాలి, ఒక్కచోట మెట్టెందుకు పడుతుంది?

సెట్టర్ బాబూ, అదే ప్రోగ్రాం ఫీడ్ ఎఫ్ 2000లో ఒకసారి, ఎఫ్ 500లో ఒకసారి నడుపు. మెట్టు తగ్గితే మోటార్లని నడిపే సర్వో, కదలికని నున్నగా చేసే స్మూతింగ్ సంగతి చూడు. తగ్గకపోతే జామెట్రీయే. సి సెంటర్ (టేబుల్ తిరిగే కేంద్రం) కంట్రోలర్ అనుకున్న చోటికి 12 మైక్రాన్లు పక్కకుంటే టేబుల్ అరచుట్టు తిరిగేసరికి రెట్టింపై 24 అవుతుంది. స్కేలు ఎక్స్ ఎక్కడుందో చెబుతుంది. టేబుల్ దేని చుట్టూ తిరుగుతోందో దానికేం తెలుసు?

హోసూరు తెలుగోడు:
తాత గారూ, మీరు చెప్పింది సగమే. యాక్సిస్‌ని జరిపే ఉక్కు స్క్రూ మీటరుకి, డిగ్రీకి దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది. బేరింగ్ నుంచి అర మీటరు దూరంలో నట్ ఉండి, స్క్రూ 5 డిగ్రీలు వేడెక్కితే 30 మైక్రాన్లు పోయినట్టే. స్కేలు లేకుండా సెంటర్ కొలవడమంటే సాగే టేపుతో గుడ్డ కొలవడమే.

టూల్‌రూం తాత:
ప్రోబ్ (తాకి కొలిచే సాధనం) కూడా ఆ వేడి స్క్రూ మీదే కదా నడిచేది! అప్పటికప్పుడు కొలిస్తే ఆ సాగుడు కూడా సెంటర్ విలువలోనే కలిసిపోతుంది. టూల్‌ని తిప్పే స్పిండిల్ సాగితే మీ స్కేలుకి కనబడుతుందా?

హోసూరు తెలుగోడు:
కనబడదు, ఒప్పుకుంటాను. కానీ మీ సర్దుబాటు, ప్రోబ్‌తో తాకి కొలిచే బాల్ (కచ్చితమైన గుండు) ఉన్న చోటికే. అక్కడికి 200 మిల్లీమీటర్ల అవతల జాబ్ ఉంటే?

బాలానగర్ సెట్టర్:
చేసి చూశా. ఎఫ్ 2000లో 24, ఎఫ్ 500లో 23. మాగ్నెట్ బేస్ మీద మాస్టర్ బాల్ పెట్టి సి 0, 90, 180, 270లలో ప్రోబ్ చేస్తే ఎక్స్‌లో సెంటర్ 11 తప్పింది. కంట్రోలర్‌లో సెంటర్ పారామీటర్ మార్చాక మెట్టు 3కి వచ్చింది. తాత గారికి దండం.

అయితే మధ్యాహ్నం రెండున్నరకి మళ్లీ ప్రోబ్ చేస్తే సెంటర్ ఇంకో 7 జరిగింది.

హోసూరు తెలుగోడు:
నేనేం చెప్పాను మరి!

టూల్‌రూం తాత:
పొద్దున అరగంట వార్మప్, భోజనాలయ్యాక ఇంకోసారి ప్రోబింగ్. దానికి లక్షలెందుకు?

హోసూరు తెలుగోడు:
షిఫ్టు మధ్యలో జాబ్ దించి బాల్ పెట్టమంటారా? దించి ఎక్కిస్తే జీరో మళ్లీ పట్టుకోవాలి.

బాలానగర్ సెట్టర్:
దించక్కర్లేకుండా ఫిక్స్చర్ పక్కనే బాల్‌ని శాశ్వతంగా బిగించడానికి చోటు వెతుకుతున్నా, టూల్‌కి తగలకుండా. కొటేషన్ మాత్రం ఇంకా ఓనరు గారి డ్రాయర్‌లోనే ఉంది.