థైరాయిడ్ తగ్గితే సోడియం కూడా పడిపోతుందా?

తార్నాక కోడలు:
మా అత్తయ్యగారికి 67 ఏళ్లు. కొన్నాళ్లుగా మాట మందగించింది, పిక్కలు పట్టేస్తున్నాయి, ఇంత ఎండల్లోనూ దుప్పటి అడుగుతున్నారు. పరీక్షల్లో టీఎస్‌హెచ్ (ఇది బాగా పెరిగితే థైరాయిడ్ తగ్గినట్టట) 72, సోడియం 127 వచ్చాయి. పొటాషియం మామూలుగానే ఉంది. మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసి ఇమ్మంటున్నారు ఇరుగుపొరుగు. ఇవ్వవచ్చా?

మలక్‌పేట నర్సు:
దయచేసి ఇవ్వకండి. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. థైరాయిడ్ బాగా తగ్గితే గుండె పంపే రక్తం తగ్గుతుంది, మూత్రపిండాల్లో వడపోత నెమ్మదిస్తుంది. నీటిని పట్టి ఉంచే ఏడీహెచ్ హార్మోను మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. తాగిన నీళ్లు బయటికి పోక ఒంట్లోనే నిలుస్తాయి. నీళ్లెక్కువై పులుసు చప్పబడినట్టే, రక్తంలో సోడియం పలచబడుతుంది. కాబట్టి ఎండలని చెంబులకొద్దీ నీళ్లు కూడా తాగించకండి. ఎంత తాగాలో డాక్టరు చెప్పాలి.

అయితే థైరాయిడ్ ఒక్కటే ఇంతగా దించడం అరుదు. బీపీ మాత్రలు ఏమైనా వాడుతున్నారా?

తార్నాక కోడలు:
అవునండీ, క్లోర్‌థాలిడోన్ అనే, మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసిన మాత్ర.

కూకట్‌పల్లి వాసి:
మా నాన్నగారిదీ ఇదే కథ. ఆయనకు థైరాయిడ్ కొద్దిగానే తగ్గింది, సోడియాన్ని దించింది ఆ రకం మాత్రే. డాక్టరు దాన్ని మార్చాక కోలుకున్నారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

సైనిక్‌పురి:
నాకు లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మందు మొదలుపెట్టే ముందు, అడ్రినల్ గ్రంథి తయారుచేసే కార్టిసాల్ హార్మోను పరీక్ష చేయించారు. అడ్రినల్ గ్రంథి లోపంలోనూ సోడియం తగ్గుతుంది, తరచుగా పొటాషియం పెరుగుతుంది. ఆ లోపం ఉండగా థైరాయిడ్ మందు ఒక్కటే ఇస్తే ప్రమాదమట. ఆ మాట కూడా అడగండి. మందు పరగడుపున వేసుకోవాలి, కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు సరిపోయిందో లేదో తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

తార్నాక కోడలు:
అందరికీ ధన్యవాదాలు. ఎల్లుండి డాక్టరును కలవాలి. మధ్యాహ్నం నుంచి మనవరాలి పేరు తప్పు పిలుస్తున్నారు, ఎక్కువగా మగతగానే ఉన్నారు.

మలక్‌పేట నర్సు:
ఎల్లుండి దాకా ఆగకండమ్మా. మగత, తికమక అంటే మెదడు మీద ప్రభావం మొదలైందేమో, ఫిట్స్ కూడా రావచ్చు. సోడియాన్ని ఒక్కసారిగా పెంచినా మెదడుకు హానే. అందుకే ఆసుపత్రిలో, పదేపదే పరీక్షిస్తూ పెంచాలి. 108కి ఫోన్ చేయండి. రిపోర్టులతో పాటు వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి.

తార్నాక కోడలు:
చేశాను. బయలుదేరుతున్నాం.