సగం సామర్థ్యం వచ్చింది, సగం కరెంటు రాలేదు: కేంద్రం ఏ కొలతతో లక్ష్యం పెట్టుకోవాలి?

హైదరాబాద్ ఇంజనీరు:
దేశ విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో, అంటే కేంద్రాలన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగల విద్యుత్తులో, సగం శిలాజ ఇంధనాలతో పని లేనిదే అయిందని, 2030 నాటికి చేరవలసిన మజిలీని ఐదేళ్లు ముందే చేరామని 2025 జూలైలో కేంద్రం ప్రకటించింది. జల, అణు విద్యుత్తును కూడా కలిపితే మొత్తం 484.8 గిగావాట్లలో ఆ వాటా 242.8 గిగావాట్లు. ఇది చిన్న విజయమేమీ కాదు. అయితే ఏడాది పొడవునా మనం వాడుకునే ప్రతి వంద యూనిట్లలో డెబ్బైకి పైగా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నాయి. సాయంత్రం ఏడు గంటలకు ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు వేసుకునే వేళకు సౌర ఫలకాలు ఇచ్చేది సున్నా. కాబట్టి 2030కి 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యం అన్న లెక్క కన్నా, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు బొగ్గు లేకుండా ఎన్ని యూనిట్లు ఇవ్వగలమన్నదే జాతీయ ప్రణాళికకు అసలు కొలత కావాలని నా అభిప్రాయం.

విజయవాడ, విశ్రాంత విద్యుత్ ఉద్యోగి:
మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. గిగావాట్ల లక్ష్యం ఉండబట్టే బ్యాంకులు ధైర్యంగా అప్పులిచ్చాయి, పోటీ పెరిగింది, 2017లో రాజస్థాన్‌లోని భడ్లా సౌర పార్కు వేలంలో యూనిట్ ధర 2.44 రూపాయలకు దిగింది. పైగా కరెంటును సాయంత్రానికి దాచడం ఒక్కటే మార్గం కాదు, వాడకాన్ని పగటికి జరపడమూ మార్గమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వ్యవసాయ ఫీడర్లకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి పొలాల మోటార్లకు వెళ్లే లైన్లకు, త్రీఫేజ్ సరఫరా చాలాచోట్ల రాత్రిపూటే ఉండేది. అర్ధరాత్రి దాటాక చేతిలో టార్చిలైటుతో, తడి గట్ల మీద నడిచి, స్టార్టరు పెట్టె తెరిచే రైతులకు పాముకాటు భయం ఒకటి, షాకు భయం మరొకటి. పీఎం కుసుమ్ పథకం కింద వ్యవసాయ ఫీడర్లకు పగలే సౌర విద్యుత్తు అందితే రైతుకు ఆ గండం తప్పుతుంది, బ్యాటరీ ఖర్చూ ఆ మేరకు తగ్గుతుంది.

హైదరాబాద్ ఇంజనీరు:
వ్యవసాయం విషయంలో మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ ఇళ్ల వాడకాన్ని పగటికి జరపలేం కదా. సౌర కేంద్రం ఏడాదిన్నర, రెండేళ్లలో లేస్తుంది, హైటెన్షన్ లైనుకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆ తేడా వల్లనే రాజస్థాన్‌లో తయారైన కరెంటును తీసుకెళ్లే దారి లేక కేంద్రాలను మధ్యాహ్నం తగ్గించి నడపవలసి వచ్చింది. కొత్త సౌర టెండర్లలో కనీసం రెండు గంటల విద్యుత్ నిల్వ (బ్యాటరీల వంటివి) ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2025 ఫిబ్రవరిలో సూచించింది. ఆ సూచన మొదటి రోజు నుంచే నిబంధనగా ఉండవలసింది.

గోదావరిఖని సభ్యుడు:
అయ్యా, మీరిద్దరూ యూనిట్ల గురించే మాట్లాడుతున్నారు. మా నాన్నగారు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగారు, అందుకని ఈ ప్రణాళికలో మనుషుల లెక్క ఎక్కడుందని అడిగే హక్కు నాకుందనుకుంటాను. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల చొప్పున క్లీన్ ఎనర్జీ సెస్సు వేశారు, 2016 నాటికి దానిని 400 రూపాయలు చేశారు. 2017లో జీఎస్టీ రాగానే ఆ సొమ్ము రాష్ట్రాల ఆదాయ నష్టపరిహారానికి మళ్లింది, 2025 సెప్టెంబరులో సెస్సునే ఎత్తివేశారు. బొగ్గు నుంచి బయటపడడానికని బొగ్గు మీదే వసూలు చేసిన డబ్బు అది. అందులో ఒక భాగాన్ని బొగ్గు పట్టణాల కోసం విడిగా ఉంచి ఉంటే ఈ రోజు మా పిల్లలకు వేరే పని నేర్పే ఏర్పాటు ఉండేది. గని మూతపడితే పర్మినెంటు కార్మికుడికి ఇంకో గనికి బదిలీ ఉత్తర్వు వస్తుంది. ఓపెన్ కాస్టు (పైనుంచి తవ్వే గని)లో ఓబీ మట్టి, అంటే బొగ్గు మీదున్న మట్టి, తోలే కాంట్రాక్టు డ్రైవరుకు గానీ, మొదటి షిఫ్టు వాళ్ల కోసం తెల్లవారుజామునే గేటు ముందు ఇడ్లీ బండి పెట్టే అక్కకు గానీ ఏ కాగితమూ రాదు. గిగావాట్ల పక్కనే వీళ్ల లెక్కా రాయాలి.

హిందూపురం ఉపాధ్యాయుడు:
గోదావరిఖని సోదరుడి మాటకు ఒకటి కలుపుతాను. గని మూసినప్పుడే కాదు, సౌర పార్కు వచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది. మా పొరుగున కర్ణాటకలోని పావగడలో 2,050 మెగావాట్ల పార్కు కోసం సుమారు 13,000 ఎకరాలు తీసుకున్నారు. భూమిని కొనకుండా, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు మొదలుపెట్టి రెండేళ్లకోసారి ఐదు శాతం పెంచే ఒప్పందం చేసుకున్నారు. కరువు నేల గల రైతుకు ఇది మంచి ఏర్పాటే, దేశమంతా చేయదగినదే. కానీ ఆ చేలలోనే వేరుశనగ కాయ కోసి కూలి తెచ్చుకున్నవారికి, ఆ బీళ్లలో గొర్రెలు మేపుకున్నవారికి పట్టా లేదు, కాబట్టి కౌలూ లేదు.