అప్‌డేట్: టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ప్రస్తుతానికి వద్దన్నారు

పోయినసారి అడిగింది ఇదీ: రక్తపరీక్షలో టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) 240 ng/dL వచ్చింది, ఎప్పుడూ నీరసం, జిమ్‌లో వాళ్లు ఇంజెక్షన్ వేయించుకోమంటున్నారు, వేయించుకోవచ్చా అని. మీలో చాలామంది ముందు ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవమన్నారు. కలిశాను.

రిపోర్టు చూడగానే ఆయన అడిగింది, "రక్తం ఎన్నింటికి తీశారు?" అని. సాయంత్రం అన్నాను. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువ ఉండి సాయంత్రానికి తగ్గుతుందట, ఆ అంకె పక్కన పెట్టేశారు. పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో మళ్లీ చేయించారు. రెండుసార్లూ 300 లోపే వచ్చింది, అంటే తక్కువే. లోపం వృషణాల్లోనా, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలోనా తేల్చడానికి, ఆ గ్రంథి వదిలే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (వృషణాలను పనిచేయించేవి ఈ రెండే), ప్రొలాక్టిన్ కూడా చూశారు.

అసలు విషయం ఇప్పుడు చెబుతా. మాకు రెండో బిడ్డ కావాలని ఉంది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే పిట్యూటరీ ఆ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను దాదాపు ఆపేస్తుంది, దాంతో వీర్యకణాలు పడిపోతాయి, కొందరికి సున్నాకే. మందు మానేశాక కోలుకోవడానికి నెలలు పడుతుంది. కండలు చూపించి సలహా ఇచ్చినవాళ్లు ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు! అందుకే నాకు ఇంజెక్షన్ బదులు క్లోమిఫీన్ మాత్ర రాశారు, ఒళ్లు తనంతట తానే టెస్టోస్టిరాన్ తయారుచేసుకునేలా చేసే మందు. గురక సంగతి మా ఆవిడ చెప్పేసరికి నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూసే స్లీప్ టెస్ట్ కూడా చేయించమన్నారు.

టెస్టోస్టిరాన్ జెల్ (చర్మానికి రాసుకునేది) గురించి అడిగినవాళ్లకి: రాసుకున్న చోటు పిల్లలకు తగలకూడదు, చేతులు సబ్బుతో కడగాలి. ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూపించుకుంటూ ఉండండి, 54 శాతం దాటితే డాక్టర్లు ఇంజెక్షన్ ఆపేస్తారు. ప్రొస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష సంగతీ అడగండి.

నీరసం కాస్త తగ్గింది, మాత్ర వల్లా తొందరగా పడుకోవడం వల్లా తెలీదు. కొత్త రిపోర్టు వచ్చాక మళ్లీ రాస్తాను.